ఏడో పాట దగ్గర

అర్ధరాత్రి విడుదల అన్నారు.
అర్ధరాత్రి దాకా మేలుకుంటే నాకు కుదరదు,
వల్పరైసోలో ఆరింటికల్లా
కొండ మీదికి లాగే పెట్టెబండి తాళం తీయాల్సింది నేనే.
కాబట్టి నియెవెస్, నీ కొత్త ఆల్బమ్
అందరికంటే ఆరు గంటలు ఆలస్యంగా
టిక్కెట్ల గూట్లో కూర్చుని
ఒక్క చెవితోనే విన్నాను.
రెండో చెవి గంట కోసం.
పైనున్న బెన్హమీన్ గంట కొడితే మీట లాగాలి,
నువ్వు ఏ చరణంలో ఉన్నా సరే.

తొమ్మిదేళ్లు.
నీ గొంతుకు ఆపరేషనని పేపర్లో చదివిన రోజు
ముగ్గురికి చిల్లర తప్పిచ్చాను.
ఈలోగా నాకు కళ్లజోడు వచ్చింది,
మొగుడు పోయాడు,
చచ్చి కాదు, ఆంతోఫగాస్తాకి.
గూటి గోడ మీది పోస్టర్లో
నీ ఊదారంగు జుట్టు ఎండకి వెలిసి
ఉల్లిపొర రంగుకి తిరిగింది.

మొదటి పాట: ఎవరిదీ గొంతు, అనుకున్నా.
రెండోది: నీదే, కానీ మెట్ల కింది గదిలోంచి.
మూడోది నచ్చలేదు. మొహమాటం దేనికి?
అన్ని యంత్రాలు ఎందుకు పెట్టించావు?
అది దరువు కాదు, దడ.
నీ గొంతు మీద దుప్పటి కప్పి
పైన ఎవరో గెంతుతున్నట్టుంది.

మా చెల్లెలు గ్రిసెల్దా ఫోన్ చేసింది.
పెదవి విరిస్తే ఫోన్లో కూడా వినబడుతుంది దానికి.
"అయిపోయిందక్కా ఆవిడ పని. పైకి పోలేకపోతోంది."
పైకి పోవడం గురించి నాకు చెప్పకు, అన్నాను.
ఇరవై రెండేళ్లుగా రోజుకు నూట నలభై సార్లు
జనాన్ని పైకి పంపుతున్నదాన్ని.
ఒక పెట్టె ఎక్కాలంటే రెండోది దిగాలి,
ఇద్దరికీ ఒకటే తాడు.
ఇది నీకు పోలికగా అతికిద్దామనుకున్నా గానీ
తాడు తాడే. దానికి గ్రీజు పూయాలి, అంతే.

కీల్పువే జిమ్ హాల్లో ఆ వాన రాత్రి గుర్తుందా నీకు?
ఉండదులే. నాకుంది.
కరెంటు పోయింది. మైకు మూగబోయింది.
పంతొమ్మిదేళ్ల నువ్వు స్పీకర్ పెట్టె మీదికెక్కి
పల్లవి చివరి మాటని అలా పైకి విసిరేసరికి
రేకుల మీద వాన ఒక్క క్షణం తగ్గిందని
ఇప్పటికీ ఒట్టేసి చెబుతా.
గ్రిసెల్దా ఒప్పుకోదు.

ఏడో పాట.
యంత్రాల్లేవు. గిటారు, కుర్చీ కిర్రు.
అదే పాత వరుస, మాటలు మారాయి.
పల్లవి చివరికి వస్తున్నావు, వస్తున్నావు,
ఎక్కడ ఎగరాలో నాకు తెలుసు,
మడమలు ముందే లేచాయి.
నువ్వు ఎగరలేదు.
ఒక మెట్టు కింద నిలబడి
ఊపిరి తీసుకున్నావు. ముక్కుతో. వినిపించింది.
దాన్ని చెరిపించలేదు నువ్వు.

ఆ ఖాళీలోకి
ఎవరో కీచుమని ఎగిరారు.
నేనే.
నలభై ఆరేళ్లదాన్ని, గాజు కిటికీ వెనక,
శ్రుతీ గితీ లేకుండా.
వరుసలో రొట్టెల సంచీ ముసలాయన
నాణేలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు.
"ఒంట్లో బాగుందా, అమ్మా?"
బాగుంది, అన్నాను. ఏడోది మరీ బాగుంది.
ఆయన అడిగింది అది కాదు.

బెన్హమీన్ గంట కొట్టాడు. రెండోసారీ కొట్టాడు,
మొదటిది నేను వినలేదట.
మీట లాగాను.
పొగమంచులోకి పెట్టె కదిలేసరికి
ఎనిమిదో పాట సగంలో ఉంది,
దాని మొదటి మాటేమిటో
నాకింకా తెలీదు.