అసలు

ఈ ఊళ్ళో ఉద్యోగంలో చేరిన వారం
వంటింటి అల్మరా తలుపు లోపలివైపు
పెన్సిల్‌తో నూట ఇరవై గళ్ళు గీశాను.
నెలకొక గడి కొట్టేస్తూ పోతే
పదేళ్ళకి మిగిలింది మాఫీ అని ప్రభుత్వం మాట.
ఉప్పు డబ్బా అక్కడే ఉంటుంది.
ఉప్పు వాడకం బాగా తగ్గింది మా ఇంట్లో.

మెంఫిస్‌లో పని నేర్చుకునే రోజుల్లో
ఇరవయ్యెనిమిది గంటల డ్యూటీలో
స్ట్రెచర్ మీద నలభై నిమిషాలు కునుకు తీసేదాన్ని.
వడ్డీకి ఆ నలభై నిమిషాలూ లేవు.

తీసుకున్నది రెండు లక్షల పద్దెనిమిది వేల డాలర్లు.
ఏడేళ్ళు కట్టాక
ఉన్నది రెండు లక్షల తొంభై ఒకటి.
"అసలు తీరుస్తున్నావా?" అంది అక్క రోజెటా.
"అసలు తీర్చట్లేదు" అన్నాను.
తను నవ్వింది. నేను కూడా, కాస్త ఆలస్యంగా.

నిప్పూ జబ్బూ అప్పూ
శేషం ఉంచకూడదంటారు.
మిసిసిపీ డెల్టాలో నా పనంతా శేషాలతోనే.
ఇక్కడి చక్కెర జబ్బు పోదు, చెప్పుచేతల్లో ఉంటుంది,
అదీ మందు కొనుక్కున్న నెలల్లో.

ఎజెల్ టిల్‌మన్‌కి డెబ్భై రెండు.
ముప్పై ఒక్కేళ్ళు క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో
మంచునీళ్ళలో చేపలు కోసిన చేతులు.
మా క్లినిక్‌కి మూడువందల నలభై బాకీ.
నెల మొదటి శుక్రవారం కవర్లో అయిదు డాలర్లు తెస్తాడు,
కవరు మీద మిగిలిన మొత్తం తనే రాసుకుని.
"ఫారం నింపితే కొట్టేస్తారు పెద్దాయనా" అంటుంది కౌంటర్లో వెల్మరీ.
"తెలుసులే" అంటాడు, రసీదు కోసం చెయ్యి చాపి.
నేను లోపల్నుంచి వింటుంటాను,
ఫారం నింపి కూర్చున్న మనిషిని.

మొన్న అప్పు వేరే కంపెనీ చేతికి మారింది.
నా ఎనభై ఏడు గళ్ళలో
నాలుగు వాళ్ళ లెక్కకి రాలేదట.
యాభై రెండు నిమిషాలు వెయిటింగు సంగీతం విన్నాక
ఒకమ్మాయి పలికింది, పేరు షవోన్.
కాగితంలో ఉన్నది చదువుతోంది,
వాక్యానికో దగ్గు.
గొంతులో పుట్టే దగ్గు కాదది. అడుగునుంచి, తడిగా.
తిడదామని పోగేసుకున్న మాటలు పక్కనపడి
"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.
"ఏ నెల కట్టుబడి గురించండీ?"
"దగ్గు."
కాసేపు కీబోర్డు చప్పుడు లేదు.
"మూడు వారాలు. ఇన్సూరెన్స్ వచ్చే నెల మొదలవుతుంది."
జ్వరం ఉందా, రాత్రి చెమటలా, బరువు తగ్గావా,
అడుగుతూ పోయాను.
ఈ సంభాషణ రికార్డవుతోందని
ఎవరో ముందే చెప్పారు.
నా నాలుగు నెలలు మాత్రం దొరకలేదు.

ఆ రాత్రి నాలుగు గళ్ళు రబ్బరుతో చెరిపాను.
గీత పోయింది, గాడి ఉంది.
వేలికి తెలుస్తుంది.

ఇవాళ శుక్రవారం.
టిల్‌మన్ బూటు విప్పి కాలు చాపాడు.
చీలమండ మీద బొటనవేలితో నొక్కి వదిలాను.
గుంట పడింది.
అది పూడటానికి ఎంతసేపు పడుతుందో
మనసులో లెక్కపెడుతున్నాను.
"ఎంతైంది?" అన్నాడాయన.
"ఆగండి" అన్నాను,
"ఇంకా పూడలేదు."