కె

చర్చి వీధి మలుపులో, గఫూర్ సాయిబు బేకరీ గోడ మీద
మా నాయన రాసినవి ఆరక్షరాలు:
బి, ఐ, ఎస్, కె, ఇ, టి.
పసుపు మీద ఎరుపు, కింద నల్లటి నీడ.
నీడకు వేరే కూలి లేదు,
అది ఆయన సరదా.

ఏడో తరగతిలో నేనే చెప్పినాను.
కె కాదు నాయనా, సి. దాని పక్కన యు. ఆ పక్కన ఐ.
"పలకని యు ఎందుకమ్మా మధ్యలో?"
నాకూ తెలీదు.
టీచరమ్మ స్కేలు తగిలిన చోటొక్కటే తెలుసు.

మరునాడు నిచ్చెన వేసుకుని, ఉప్పుకాగితంతో గీకి
రెండక్షరాల చోట మూడు ఇరికించినాడు,
కాణిపాకం బస్సులో
ఇద్దరి సీటుకు మూడో మనిషి జరిగినట్టు.
సాయిబు టీ ఇచ్చినాడు. కూలి ఇయ్యలేదు.
తప్పు నీది కదప్పా, అన్నాడు.

మా అవ్వకు మాత్రం అది బిస్కత్తే, పోయేదాకా.
ఆమెను దిద్దే ధైర్యం ఎవురికీ లేకపోయింది.

ఇప్పుడు గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలు కుట్టే పని నాది.
మొన్న ఒక నిఘంటువు వచ్చింది, అట్ట లేదు,
చెదలు తినగా మిగిలిన పేజీలో
బి, ఐ, ఎస్, కె, ఇ, టి.
పక్కన సన్నటి అచ్చులో: పాత రూపం.
దొరలే అట్లా రాసుకునేవాళ్ళంట,
ఓడల్లో పీపాలకెత్తి పంపిన కాలంలో.
యు తర్వాత వచ్చిందంట, ఫ్రెంచి మోజులో.

జిరాక్సు తీసి, ఆటో కోసం కూడా ఆగకుండా
మిట్టూరు దాకా ఎండలో నడిచిపోయినాను.

నాయన బండి నంబరు ప్లేటుకు తెల్లరంగు పూస్తా ఉన్నాడు.
చెయ్యి వణుకుతాది, కుంచె రేకును తాకినాక ఆగుతాది.
కాగితాన్ని దగ్గరగా, దూరంగా పట్టి చూసినాడు.
"ఎస్ కుదర్లేదు. పక్కకు వాలింది" అన్నాడు.

అంతే అనుకున్నా.
టీలో ముంచిన బిస్కెట్టు విరిగిపడే లోపల నోట్లో వేసుకుని
"తప్పో ఒప్పో నాకేం తెలుసు.
కె అంటే ఇష్టం నాకు.
ఒక మనిషి, గోడకు వీపు ఆనించి
చెయ్యొకటి ఎత్తి, కాలొకటి చాపి
నిలబడినట్టు ఉంటాది.

గీకేటప్పుడు కాలు ముందు తీసినా.
చెయ్యి శానా సేపు
వదల్లేదమ్మా."