బాండ్లిల నాలుగు నిమిషాలు

ఏడు గంటల పన్నెండు నిమిషాలకు
వాయవ్యం మూల నుంచి వస్తదట.
ఫోన్ల చూసి చెప్పింది లిఖిత.
"నాలుగు నిమిషాలే మామా,
మళ్ల బత్తాయి తోటల అవుతల దిగిపోతది."

నాకు మెడ లేవదు.
మా మర్రిగూడ దిక్కు ఇదేం పెద్ద ముచ్చట కాదు,
ఇంటికొకరం ఉన్నం, నేల మీద ఏదో పోగొట్టుకొని
దేవులాడుతున్నట్టు నడిచెటోళ్లం.
ఎల్లెలుకల పండి చూద్దమంటే వీపు మంచానికి ఆనదు.

అందుకే బాండ్లి.
మొదలు స్టీలు బేసిన్ పెట్టినం.
అడుగు తళతళలాడి చుక్కలన్నీ ఆగమైనయ్.
సిమెంటు మోసిన నల్ల బాండ్లి అయితే
మొగులు మంచిగ కూసుంటది.
నల్లా నీళ్లు పోసిన, కృష్ణ నీళ్లు.
బోరు నీళ్లు పొయ్యబుద్ధి కాలే.

నేను మోటర్లు చుట్టెటోణ్ణి.
స్లాటుకు యాభై ఆరు చుట్లు రాగి తీగ,
ఒక్క చుట్టు తప్పితే కాయిల్ కాలిపోతది.
ఊర్ల సగం బోర్లు ఈ చేతుల మీదనే లేచినయ్.
మూడొందల ఫీట్ల కింది నీళ్లు గుంజి పోసింది నేనే,
చల్లగున్నయని కడుపునిండ తాగింది నేనే.

వాళ్లు నలుగురు. అందుల ఒక ఆడమనిషి.
రాకెట్ లేచిన నాడు లిఖిత ఫోన్ తెచ్చి నా ఒళ్లె పెట్టింది.
అంత పైకి పొయ్యేదాన్ని
కింద ఒళ్లె చూసినోణ్ణి నేనొక్కణ్ణే కావొచ్చు.
ఆ రోజు నుంచే లెక్క రాస్తున్న.
భూమి సుట్టూ ఇంచుమించు దినాం పదహారు చుట్లు.
వైండింగే గద ఇది గూడ.

ఒకనాడు లిఖిత చదివి చెప్పింది:
ఆడ బరువు ఉండదు గనుక బొక్కలు కరుగుతయట,
కరిగిన సున్నం ఉచ్చల పోతదట.
నవ్వొచ్చింది నాకు.
వాళ్ల బొక్కలు నీళ్లయితున్నయ్.
మా నీళ్లు బొక్కలైనయ్.

ఆ ఉచ్చనే వడగట్టి మళ్ల తాగుతరట.
థూ, అన్నడు ముత్తిలింగం.
నేను అనలే.
ఎంత మంచిగ వడగడుతరో చూడుమన్న.
"చుక్క చుక్కా పరీక్ష చేస్తరు మామా,
ఉన్నది నలుగురే గదా."
నలుగురే.
చాలాసేపు బీడీ అంటుకోలే.

వచ్చింది.
బాండ్లి అంచుకాడ తెల్లగ, మినుకకుంట,
తొందర లేకుంట,
కొలిచి గుంజిన తీగ లెక్క.
నడిమిట్ల ఒక దోమ పడ్డది.
నలుగురు మూడు ముక్కలై, అల్లాడి,
మళ్ల ఒక్కటైన్రు.
ఊపిరి ఇడువలే నేను, నీళ్లు కదులుతయని.
ముత్తిలింగం మెడ ఎత్తి చూసి
"ట్రాన్స్‌ఫార్మర్ ఎనుకకు పోయింది" అన్నడు.
నా బాండ్లిల ట్రాన్స్‌ఫార్మర్ లేదు.
నాకు ఇంకింత సేపు కనవడ్డది.

నూట అరవై ఎనిమిదో నాడు సముద్రంల దిగిండ్రు.
డబ్బాల నుంచి ఒక్కొక్కరిని తీస్తున్నరు.
ఆ ఆడమనిషి వంతు వచ్చింది.
చెరొక చంకల చెయ్యేసి ఇద్దరు పట్టుకున్నరు.
నవ్వబోయింది, తల నిలువలే,
ముంగటికి వాలింది.
తన కాళ్ల దిక్కే చూస్తున్నది,
అవి ఎవరియో అన్నట్టు.

ఆ చూపు నాకెరుకే.

"నెల రెండు నెలలల్ల మంచిగైతరట మామా" అన్నది లిఖిత,
అని, నా దిక్కు చూడకుంట ఫోన్ ఆర్పింది.
కావాలె బిడ్డా, మంచిగ కావాలె.

దుకాణం పుస్తకంల రాసిన:
రెండు వేల ఆరొందల నాలుగు చుట్లు.
ఎక్కడ తెగలే. కాయిల్ కాలలే.
పక్క గడిల కూలి రాయాలె.
ఎవరి కూలి, ఎవరికియ్యాలె?
ఖాళీ ఇడిచిన.