బ్రేకు దూరం

పొద్దున్నుంచీ ఏమీ తినలేదుగా?
మంచిది. నీళ్ళు రెండు గుక్కలు చాలు.
గడియారం తీసి ఈ పళ్ళెంలో పెట్టండి,
బూట్లు ఆ మూల.

ఈ మాటలు వారానికి పదిసార్లు చెబుతాను.
లేవార్డెన్‌లో ఒకప్పటి పాల ఫ్యాక్టరీ ఇది,
వాన పట్టుకుంటే గోడలు ఇంకా
పులిసిన వాసనేస్తాయి.

స్యూర్డ్ హీమ్‌స్ట్రా. యాభై మూడేళ్ళు.
రైలు డ్రైవరు. పద్నాలుగు నెలలుగా కాదు.
ఆ వేకువ పొగమంచులో, హీరెన్‌వేన్ దాటాక,
ఎవరో పట్టాల మీదికి నడిచొచ్చారు.
ఎర్ర కోటు. అంతవరకే చెబుతాడు,
అక్కడికొచ్చేసరికి
నాలుక పట్టాలు తప్పుతుంది.

చెయ్యి ఇటివ్వండి, రక్తపోటు చూడాలి.
మందెక్కాక కాస్త పెరుగుతుంది, కంగారుపడొద్దు.
సూది భుజానికి. చీమ కుట్టినంత.
అయిదు నిమిషాల్లో పెదవులు మొద్దుబారతాయి,
గది పొడుగు మారుతుంది,
మీ చేతులు ఇంకెవరివో అనిపించొచ్చు.
కడుపులో తిప్పితే గిన్నె ఇదిగో.
కొందరు ఏడుస్తారు. ఒకావిడ గంటసేపు నవ్వింది,
ఎందుకో తర్వాత ఆమెకే తెలీలేదు.
కొందరికి ఏమీ కాదు. అదీ జరుగుతుంది.
వెలుగులు కనబడతాయని మాటివ్వను,
పోయినవాళ్ళు వచ్చి పలకరిస్తారనీ చెప్పను.

అతను అన్నీ విన్నాడు,
టోపీని మోకాలి మీద తిప్పుతూ తిప్పుతూ
ఒకే ఒక్కటి అడిగాడు:
"మధ్యలో ఆపాలంటే? బ్రేకు దూరం ఎంత?"

ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడగలేదు.
ఆగదండీ, అన్నాను.
ఒకసారి ఒంట్లోకి వెళ్ళాక
ముప్పావుగంటో, గంటో, దాని దారి దానిది.
నేను పక్కన కూచుంటాను. నా చేతిలో ఉన్నది అదే.
"తెలుసు," అన్నాడు. "నాదీ అంతే.
లాగితే ఆగడానికి ఎనిమిది వందల మీటర్లు.
మా ఇద్దరి మధ్యా మూడు వందలు."

బయట ఎవరిదో సైకిలు గంట మోగి ఊరుకుంది.
ఫారంలో ఇది ఏ గడిలో రాయాలో
నాకు తోచలేదు.

కళ్ళకు గంతలు. చెవుల్లో మాటల్లేని సంగీతం.
చెయ్యి పట్టుకోవాలా అని ముందే అడిగాం, వద్దన్నాడు.
ఇరవయ్యో నిమిషంలో కుడిపాదం కదిలింది,
దుప్పటి కింద లేనిదాన్ని దేన్నో
నొక్కుతూ, వదుల్తూ, నొక్కుతూ.
డ్రైవరు మెలకువగా ఉన్నాడని
రైలుకు చెప్పే పెడలు ఒకటుంటుందట.
కాలు తీసేస్తే బండి తనే ఆగిపోతుందట.
నాకది తర్వాత తెలిసింది.
అప్పుడు చూసింది మాత్రం పాదం పైకి లేవడం,
గాల్లో కాసేపు ఏం చెయ్యాలో తెలీనట్టు ఉండడం,
పక్కకి ఒరగడం.
మేజోడుకి మడమ దగ్గర చిల్లు.

లేచాక మాట ముద్దముద్దగా వచ్చింది.
"బాత్‌రూమ్ ఎటు?" మొదటిది అదే.
రెండోది చాలాసేపటికి:
"కోటు ఎరుపు కాదు. గోధుమరంగు.
ఎర్రది సిగ్నలు దీపం."
ఏది నిజమో తేల్చడం నా పని కాదు.
రాసుకున్నాను, రెండు రంగులూ.

ఇవాళ బండి నడపొద్దు, సంతకాలు పెట్టొద్దు.
ఎవరైనా ఇది నయం చేసేస్తుందంటే నమ్మొద్దు.
ఎల్లుండి డాక్టర్ టెర్‌ప్‌స్ట్రాతో కూచుని మాట్లాడాలి,
అసలు పని అక్కడే, అది మందు చేసిపెట్టదు.
ఇంకా అయిదుసార్లు రావాలి.
తలూపాడు. బూట్లు తారుమారుగా తొడిగి, మళ్ళీ తీసి తొడిగాడు.

సాయంత్రం వాళ్ళ అక్క యెల్ట్యా ఫోన్ చేసింది.
దారిలో గేటు పడిందట.
కారు వెనక్కి తిప్పబోతే వద్దన్నాడట.
రైలు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టాడట,
గొంతెత్తి, చిన్నపిల్లాడిలా.
ఆరు, అన్నాడట.
తనకు మాత్రం ఎనిమిది వచ్చాయంది.