సొంత కూలి గడి

మూడో గురువారం.
తవణంపల్లె దాటి మట్టిదోవ పట్టేసరికి
నా స్కూటీ డిక్కీలో
ఒక థర్మామీటరు, నలభై పేజీల కరదీపిక,
తిరుపతి కాలేజీలో ఇచ్చి పంపిన ధైర్యం
గతుకు గతుక్కీ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి.

శిక్షణ పదిగంటలకని బోర్డు మీద ఉంది.
పాకం బోర్డు చదవదు.
అందుకని గానుగ దగ్గరే క్లాసు పెట్టాను.
ఆరిన చెరుకుపిప్పి మీద పదకొండుమంది,
పొగకి కళ్లు నలుపుకుంటూ నేను.

"ముందు ఉష్ణోగ్రత" అన్నాను.
కుప్పమ్మ వినలేదు.
చెంబులో చన్నీళ్లు, గరిటె చివర ఒక్క చుక్క.
చుక్క అడుక్కి పోయి ఉండకట్టింది.
వేళ్ల మధ్య దొర్లించి చెంబుకేసి కొట్టింది.
టంగుమంది.
"దించండ్రా!"
గబగబా గాజుగొట్టం పైకి తీసి చూశాను.
నూటపద్దెనిమిది.
కరదీపికలో ఏడో పేజీ నేనే మడిచేశాను.

హైడ్రోస్ కలపొద్దనేది పన్నెండో పేజీ.
బెండకాడల జిగురు చాలు,
రంగు తగ్గినా రుచి తగ్గదు అని చదివాను.
"తెలీకనా పాపా?
మా ఇంటికి ఎత్తిపెట్టుకునే దాంట్లో
ఎప్పుడన్నా వేస్తిమా?
చిత్తూరు మండీలో బెల్లాన్ని
నాలికతో కొనరు, కంటితో కొంటారు."
దానికి నా దగ్గర పేజీ లేదు.

ఇక మిగిలింది ఖర్చుల కాగితం.
గుణసుందరి పెన్ను పట్టుకుంది.
టన్ను చెరుకు, మూడువేలు.
కోత, బండి, ఏడొందలు.
గానుగకి డీజిలు నాలుగొందలు.
సున్నం, బెండకాడలు యాభై.
అన్నీ నోటికే ఉన్నాయి వాళ్లకి,
ఎక్కాలప్పజెప్పే పిల్లల్లాగ
ఒకరి మాట మీద ఒకరు.
వచ్చిన బెల్లం వంద కిలోలు,
కిలో నలభై అయిదు.
మిగులు మూడొందల యాభై!
దొరసామి తువ్వాలు దులిపి భుజానేసుకున్నాడు,
పండగ అయిపోయినట్టు.

"ఇంకో గడి ఉంది" అన్నాను.
సొంత కూలి.
ఎవరూ మాట్లాడలేదు.
పెనంలో పాకం మాత్రం బుడగలు తీసి ఆరుతోంది.

"మన చేతికి మనం కూలిచ్చేదేంది మే,
కుడిచెయ్యి ఎడంచేతికి అప్పు పడినట్టు?"
అయినా రాయమన్నాను.
మగకూలి అయిదొందలు.
ఆడకూలి మూడొందలు.
కుప్పమ్మ గరిటె కింద పెట్టింది.
"తెల్లారి నాలుక్కి పొయ్యి రాజేసేది నేను.
చుక్క చూసేది నేను.
దించమని అరిచేది నేను.
ఆయప్ప పిప్పి ఎగదోసి బీడీ తాగతాడు.
నాకు మూడొందలేంది?"
దొరసామి బీడీ ఆర్పేశాడు.
గుణసుందరి మూడు కొట్టేసి అయిదు వేసింది.

మళ్లీ కూడాం.
నష్టం ఆరొందల యాభై.
కిలోకి ఆరున్నర.

కుప్పమ్మ ముందు నవ్వింది,
ఆ తర్వాత నవ్వలేదు.
"నా విలువ పెరిగేకొందికీ
నష్టం పెరగతా ఉండాదే పాపా!"

ఆ పూట నేనేం నేర్పానో నాకు తెలీదు.
ఇన్నాళ్లూ ఒంటిలో దాక్కున్న నొప్పికి
అంకె వేసి చూపించాను, అంతే.
మందు నా డిక్కీలో లేదు.
సంఘం కడితే, అచ్చులకి బదులు పొడి చేస్తే,
మండీ దాటి అమ్ముకుంటే…
ముప్పై మూడో పేజీ నుంచి చెబుతూనే ఉన్నాను,
వాళ్లు వింటూనే ఉన్నారు,
కాగితం వైపు చూస్తూ.

"ఈ కాయితం మండీలో చూపిస్తే చదవతారా?"
చదవరేమో అన్నాను.
"అయితే రెండు రాయించు.
ఒకటి నాకు. చదివేదాకా చూపిస్తా."

సంతకం కావాలంటే
పాకం అంటిన బొటనవేలు తెచ్చి
సరిగ్గా ఆ గడిలోనే ఒత్తింది.

ఆఫీసులో పైఅధికారి అడిగాడు,
ఈ మరకేంటి, ఫారం మార్చి తెమ్మని.
మార్చలేదు.
జిరాక్స్‌లో అది నల్లగా పడింది,
హైడ్రోస్ లేని బెల్లం రంగులో.

రాత్రికి నా ఫైల్లోకి చీమలు వచ్చాయి.
డీజిలు మీదా, బండి మీదా ఆగలేదు.