టోపీలో ఐదు కార్డులు

యంగ్దో దీవిలో, ఓడలు బాగుచేసే షెడ్ల వెనక సందులో
నా కొట్టు. ఆరు బల్లలు, మలుగు చేపలు కాల్చే కుంపటి.
శుక్రవారం ఏడింటికి ఐదుగురొస్తారు.
వెల్డింగు పొగ వాసన వాళ్ళకంటే ముందొచ్చి కూర్చుంటుంది.

తిన్నాక మాన్‌సిక్ టోపీ తీస్తాడు.
ఐదు కార్డులు అందులో పడతాయి.
"పిన్నీ, తియ్యి."
నా చేతికొచ్చినవాడు బల్ల మొత్తానికీ కడతాడు.
నలుగురు చప్పట్లు కొడతారు.
పదకొండేళ్ళుగా ఇదే.

నేను చదివింది ఆరో తరగతి.
బిల్లులు రాసీ రాసీ
మనుషుల్ని కూడటం, తీసెయ్యటం వచ్చింది.
ఎవరిది వాళ్ళు కట్టుకునే బల్లకి
నూడుల్స్ గిన్నె చాలు, మంచినీళ్ళు చాలు.
సమానంగా పంచుకునే బల్లకి ఒక రొయ్యల పళ్ళెం ఎక్కువ.
టోపీ తిరిగే బల్ల దగ్గరైతే
ఐదింట నాలుగు పాళ్ళు అప్పనంగా తింటున్నామని
ప్రతి నోరూ విడివిడిగా లెక్క కడుతుంది.
మంది పెరిగితే మజ్జిగ పలచన,
బిల్లు మాత్రం చిక్కన.

వరసగా మూడు వారాలు కట్టిన కిథే
నాలుగో వారం కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు,
కార్డులకు జ్ఞాపకం ఉంటుందన్నట్టు.
తప్పించుకున్న నలుగురి సంతోషం
వంతెన దాటేలోపు ఆరిపోతుంది.
చిక్కినవాడికి ఆ కాగితం
నెలాఖరుదాకా జేబులో గుచ్చుకుంటుంది.
అయినా ఆ రాత్రి అందరికంటే గట్టిగా నవ్వేది వాడే.
ఆ నవ్వుని ఏ వరసలో రాయాలో నాకు తెలీదు.

మార్చిలో దల్సు పనిచేసే రంగుల షెడ్డు మూసేశారు.
అతను రావడం మానలేదు.
మలుగు వైపు చూడలేదు. చేపముద్దల పులుసు, అదీ చిన్న గిన్నె.
టోపీ తిరిగేటప్పుడు
అతని మెడ మీద ఒక నరం కొట్టుకోవడం
గిన్నెలు తీస్తూ చూశాను.
సగటున అందరికీ ఒకటే పడుతుందట.
సగటుతో ఎవడు ఇంటద్దె కట్టాడు?

మర్నాడు సూనిమ్ ఫోన్ చేసింది, క్రేన్ మీద నుంచి, గాలి హోరులో:
"దల్సు కార్డు తియ్యకు పిన్నీ. ఎవరికీ చెప్పకు."
మధ్యాహ్నం కిథే, సిగరెట్ల వంకతో. అదే మాట.
రాత్రి మాన్‌సిక్.
ఆదివారం ప్యంగ్‌సూ, తాగి, రెండుసార్లు.
ఒకరికి తెలియకుండా ఒకరు
నలుగురూ ఒకే దొంగతనం నా చేతిలో పెట్టి పోయారు.

దల్సు కార్డుకి ఒక మూల విరిగి ఉంటుంది.
వేలికి తగలగానే పక్కకి జరిపేదాన్ని.
ఏప్రిల్, మే, వానలు.
బల్ల మీద మలుగులు తగ్గిపోయాయి.
చేపముద్దల పులుసు, పెద్ద గిన్నె, ఐదు చెంచాలు.
ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు.

సెప్టెంబరులో దల్సు అందరికంటే ముందొచ్చాడు.
నేను ఉల్లికాడలు తరుగుతున్నాను.
"ఇరవై నాలుగు వారాలు" అన్నాడు.
"ఐదుగురిలో ఒక్కడికి ఇన్ని వారాలు రాకపోతే
అది అదృష్టం కాదు పిన్నీ, చందా."
కత్తి ఆగింది.
"ఓడిపోయే వంతు కూడా లేకపోతే
ఆ బల్ల దగ్గర నేను చుట్టాన్ని.
విరిగిన మూల నీకు తెలుసు. ఇవాళ అదే తియ్యి.
ఎవరికీ చెప్పకు."

టోపీ వచ్చింది.
నాలుగు జతల కళ్ళు నా చేతి మీద: వద్దు.
ఒక జత బల్ల మీద: కావాలి.
వంటింట్లోకి వెళ్ళి
కుంపటి దగ్గర వాడే మందపాటి తొడుగు వేసుకొచ్చాను,
ఏ మూలా తెలియని చెయ్యి.
"ఇదేంటి పిన్నీ?"
"వేళ్ళు కాలాయి" అన్నాను.

ఆరు నెలల తర్వాత
నిజంగా కళ్ళు మూసుకుని చెయ్యి లోపల పెట్టాను.
ఒకటి దొరికింది. ఇంకా బయటికి తీయలేదు.
పేరు చదవకముందే,
దల్సు గొంతు:
"పిన్నీ, మలుగు ఇంకొకటి వెయ్యి.
పెద్దది."