ఆడగల డిస్కులు

లాన్సెస్టన్‌లో జూలై చలి.
తలుపు తోసేసరికి కళ్లద్దాల నిండా నా ఊపిరే.
పాత సామాన్ల కొట్టులో గ్లెన్
ఒక ప్లేయర్ పొట్ట విప్పుకుని కూచున్నాడు.

మంచిదేది అని అడిగాను.
నీ దగ్గరున్న డిస్కులేవి అన్నాడు,
పిల్లని చూపించకముందే
జాతకం అడిగే శాస్త్రులుగారిలా.

సంచీ బోర్లించాను.
కోఠీలో కొన్న సినిమాలు మూడు.
వాటి వీపున బుల్లి భూగోళం, అందులో ఐదు.
ఇక్కడి మిషన్లకి నాలుగు తప్ప లెక్క రాదట.
ఎక్కడ ఆడాలో ఫ్యాక్టరీలోనే నుదుట రాసేశారు.
రంగుల పద్ధతి మాత్రం మీకూ మాకూ ఒకటే,
అమెరికాలో కొనుంటే అదీ ఉండేది కాదన్నాడు.
తర్వాత మా ఇందీవర పుట్టినరోజు బ్లూరే.
అట్టడుగున, కవరు కూడా లేకుండా,
కేబుల్ వీర్రాజు మార్కర్ రాత:
తణుకు ఫైనల్. లేడీస్ వాలీబాల్. రెండో డిస్కు.

అంచులు పట్టుకుని లైటుకి ఎత్తాడు,
ఆస్పత్రిలో మొదట్లో నేను ఎక్స్‌రే ఎత్తినట్టే.
ఇది వీసీడీ, చేత్తో కాల్చింది.
దీనికి తాళం లేదు, సరిహద్దు లేదు,
ఎక్కడైనా ఆడుతుంది,
అని కాస్త ఆగి,
ఆడితే, అన్నాడు.

రెండు మిషన్లు ముందు పెట్టాడు.
ఒకటి దోసెలా పల్చన, నూటఎనభై డాలర్లు.
డబ్బా వెనక గుర్తులు చీమల బారు.
వేలితో ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లాను.
వీసీడీ ఊసే లేదు.
గుర్తు లేనిచోట ఆశ పెట్టుకోకు అన్నాడు.
రెండోది పెట్టెంత, పదిహేను డాలర్లు, బటన్ ఒకటి ఊడింది.
నాలుగూ ఐదూ అన్నీ దానికి ఒకటే,
బ్లూరే మాత్రం ముట్టదు.

అన్నీ ఆడేది ఒక్కటి లేదా అని గునిశాను.
అడిగాక నాకే నవ్వొచ్చింది.
మా టీములో భ్రమర బంతి లేపితే
దీపం పెట్టినట్టు వచ్చి నిలబడేది గాల్లో.
తనని స్మాష్ కొట్టమని ఎవరమైనా అడిగామా?

రెండూ కొన్నాను.
కార్లో వెనక సీటుకి బెల్టు పెట్టి తెచ్చాను.

రాత్రి హీటరు పక్కన పెద్ద పెట్టె గరగరమంది.
టీవీ నిండా మట్టి కోర్టు, ట్యూబులైట్లు, పురుగులు,
మైకులో ఎవరిదో తప్పిపోయిన పిల్లాడి పేరు.
"అమ్మా, ఆ రెండు జడలు నువ్వా?"
ఐదో సెట్టు. పదమూడు పద్నాలుగు.
సర్వీసు నాది.
ఇరవై రెండేళ్లుగా చెప్తూనే ఉన్నాను
బంతి గీత మీద పడిందని,
జెండా ఊపినాయన భీమవరం వాళ్ల బాబాయని.

చెయ్యి లేచింది. బంతి లేచింది.
నెట్ దాటకముందే
తెర మొత్తం గళ్ల లుంగీ అయిపోయింది.

గ్లెన్ చెప్పాడు: గుండ్రంగా తుడవకు,
మధ్యనించి బయటికి, మెత్తటి గుడ్డతో.
తుడిచాను. బంతి నెట్ మీదకొచ్చి ఆగింది.
మళ్లీ తుడిచాను. నెట్ దాటింది.
వెనకాల ఆ జెండా ఆయన మోకాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి,
ఇంకా వంగలేదు.

"బయటికే పోయేలా ఉందమ్మా," అంది ఇందీవర,
తనూ ఆడుతుంది, స్కూలు టీములో, నాకంటే బాగా.

గుడ్డ నా చేతిలోనే ఉంది.
ఇంకోసారి తుడవాలా వద్దా
అని కూచున్నాను.